అద్దెకి తెచ్చుకున్న చెల్లెలు

అక్టోబరు 9

అక్కా,

ఈ వంకర అక్షరాలు చూసి ఎవరిచేతో రాయించానని అనుకోకు. నేనే, ఎడమ చేత్తో రాస్తున్నాను. కుడి మణికట్టుకి కట్టు వేశారు. మా భవనం మెట్ల మీద జారి పడ్డాను. ఎముక చిట్లిందట, విరగలేదట. ఆ రెంటికీ తేడా ఏమిటో వైద్యుడు బొమ్మ గీసి మరీ చెప్పాడు. నొప్పికి ఆ తేడా తెలిసినట్టు లేదు.

లేచి చూసుకునేసరికి చేతిసంచీ లేదు. అందులో ఫోను, గది తాళాలు, నివాస కార్డు ఉన్నాయి. మిగతావాటి సంగతి ఎలా ఉన్నా, కార్డు లేకపోతే ఇక్కడ నాలాంటి పరాయిదేశం మనిషి మనిషికింద లెక్క కాదు. ఆ సాయంత్రం ఎదురు గదిలో ఉండే ముసలి దర్జీ ఫోను అడిగి తీసుకుని నీకే చేశాను. నువ్వు హాస్టల్ నీళ్ళ మోటారు కాలిపోయిందని చెప్పి, లైను గీరుగీరుమంటోంది, ఉత్తరం రాయి అని పెట్టేశావు. అందుకే రాస్తున్నాను. కొత్త సిమ్ము కొందామంటే కార్డు చూపించాలట.

కార్డు మళ్ళీ ఇవ్వాలంటే పోలీసు కాగితం కావాలి. పోలీసు కాగితం తీసుకోవాలంటే కార్డు చూపించాలి. నేను వేళాకోళం ఆడటం లేదు. అద్దం వెనక కూర్చున్న గుమాస్తాతో నిన్న జరిగిన సంభాషణ ఇది:

"మీరెవరో రుజువు?"

"అది పోయిందనే వచ్చానండీ."

"పోయిందనడానికి రుజువు?"

"పోలీసు కాగితం. అది మీ పక్క కిటికీలో ఉంది. మీరు వెనక్కి తిరిగితే కనిపిస్తుంది."

ఆయన తిరగలేదు. చెడ్డవాడు కాదు, మాట మెత్తన. తనకి నా మీద అనుమానం లేదనీ, పద్ధతి అలా ఉందనీ రెండుసార్లు చెప్పాడు. చివరికి ఇంకో గదికి పంపి, వాంగ్మూలం మళ్ళీ తీసుకున్నారు.

ప్రయోగశాలలో మట్టి నూరే పని నాకు తప్పించారు. పొలాల నుంచి వచ్చిన సంచులకి చీటీలు రాయమన్నారు. ఎడమ చేతి రాత ఎవరికీ అర్థం కాక మళ్ళీ రాసుకుంటున్నారు. చీటీ ఊడిన సంచీని ఇక్కడ పరీక్ష చెయ్యరు, పారబోస్తారు. ఇన్నేళ్ళుగా నేనూ పారబోశాను. నిన్న ఒక సంచీ పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాను. నీకు తెలుసుగా, నా బుర్ర ఎటు పోతుందో.

కంగారు పడకు.

నీ సందేహం


అక్టోబరు 21

సందేహంగారికి తాళం మేడం స్వహస్తాలతో రాయునది. ఇక్కడ మోటారు తప్ప తక్కిన అందరం క్షేమం.

మెట్ల మీద జారితే సంచీ ఎక్కడికి పోతుందే? మెట్లు తీసి దాచుకుంటాయా? నువ్వు చిన్నప్పుడు కూడా అంతే, పలక పగిలితే "అదే పగిలింది" అనేదానివి. సరే, చేతికి విశ్రాంతి ఇయ్యి. వేడినీళ్ళ గిన్నెలు ఎత్తకు. తాళంచెవి సంచీలో కాదు, నడిచేటప్పుడు పిడికిట్లో ఉండాలి. మెట్లెక్కే ముందు పైకోసారి చూడాలి. ఎవరైనా వెనక వస్తుంటే ఆగి, వాళ్ళని ముందు వెళ్ళనివ్వాలి. ఈ మాటలు మా హాస్టల్లో ప్రతి కొత్తమ్మాయికీ చెప్తాను. వాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. తాళం మేడం అని పేరు పెట్టినవాళ్ళే రాత్రి గేటు పడిందా లేదా అని నన్నే అడుగుతారు.

వంటామె నిన్ను అడిగింది. "చెల్లెమ్మగారు మట్టి పరీక్ష చేస్తారంటే, రుచి చూస్తారా?" అంది. చూస్తుందేమో, దానికి అన్నీ అనుమానాలే అన్నాను.

ఇక అసలు సంగతి. మీ కార్డుల ఆఫీసు వాళ్ళ నుంచి నా పేరున కవరు వచ్చింది. వాచ్‌మన్ సంతకం పెట్టి తీసుకుని, నాకేదో పతకం వచ్చినట్టు మెట్లెక్కి తెచ్చాడు. విప్పితే నీ పేరు, నీ ఫొటో. ఆ ఫొటోలో ఎంత చిక్కిపోయావే! కింద ప్రశ్న: ఈమె మీ తోబుట్టువేనా, మీరిద్దరూ ఒకే తల్లిదండ్రులకి పుట్టినవారేనా? అవును, కాదు అని రెండు గళ్ళు.

నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. చిన్నప్పుడు మన వాకిట్లోకి వచ్చిన ప్రతివాళ్ళూ నిన్ను చూపించి "ఈ పిల్ల మీ సొంతమేనా?" అని అడగటం, అమ్మ మొహం చిట్లించి "కాదమ్మా, అద్దెకి తెచ్చుకున్నాం" అనటం గుర్తొచ్చింది. అమ్మ ఉంటే ఆ గళ్ళ పక్కన అదే రాసి పంపేది.

నేను మాత్రం అవును మీద టిక్కు పెట్టాను. ఊరుకోలేదు. "ఈమె నా సొంత చెల్లెలు. పిన్ని పోయిన నాటి నుంచి చంకనేసుకుని పెంచాను" అని కిందంతా రాసి, సంతకం చేసి, హాస్టల్ ముద్ర రెండుచోట్ల గుద్ది, ఆ మధ్యాహ్నమే పోస్టు చేయించాను. ఇక నీ పని అయిపోయినట్టే. ముద్ర చూస్తే ఏ ఆఫీసైనా కదులుతుంది.

తలకి నూనె రాసుకుంటున్నావా?

తాళం


నవంబరు 4

అక్కా,

నీ ఉత్తరం అందింది. తప్పు నీది కాదు. ముందే నీకు రాయాల్సింది. కవరు పంపుతారని నాకు చెప్పలేదు.

మొదటినుంచి చెప్తాను, ఓపిగ్గా చదువు.

వాంగ్మూలం మాతృభాషలోనే ఇవ్వాలన్నారు. నాకు మీ భాష వచ్చు మహాప్రభో అన్నా వినలేదు. ఫోన్లో ఒక దుబాసీ అమ్మాయిని పెట్టారు. ఇంట్లో విని నేర్చుకున్న తెలుగు, ముద్దుగా మాట్లాడింది. "సంచీ పోయాక మొదట ఎవరికి ఫోన్ చేశారండీ?" అంది. "మా అక్కకి" అన్నాను. ఇంకేం అంటాను? నీ పేరు, చిరునామా కూడా చెప్పించుకున్నారు. ఆ పిల్ల అక్క అన్న మాటని వాళ్ళ భాషలోకి తిప్పింది. వాళ్ళ భాషలో ఆ మాటకి ఒకటే అర్థం, ఒకే కడుపున పుట్టినవాళ్ళు.

నేను ఈ దేశం వచ్చినప్పుడు ఇచ్చిన దరఖాస్తులో ఒక గడి ఉంది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, ఒకే తల్లిదండ్రులకి పుట్టినవారు మాత్రమే. అందులో "లేరు" అని రాశాను. మా అమ్మకి నేనొక్కదాన్నేగా. అడిగినదానికి సరైన జవాబు అదే.

ఇప్పుడు వాళ్ళ ముందు మూడు కాగితాలున్నాయి. నాది "లేరు" అంటోంది, పోలీసులది "ఉంది" అంటోంది, నీది రెండు ముద్రలతో "ఉంది" అంటోంది. నిన్న నన్ను పిలిపించారు. విచారణ చేసే ఆవిడ నా వయసుదే. "మీరు అప్పుడు అబద్ధం చెప్పారా, ఇప్పుడు చెబుతున్నారా? ఏదో ఒకటి తేల్చండి" అంది.

వివరించబోయాను. మా అక్క అంటే మా పెద్దమ్మ కూతురు, మాకు అలాంటివాళ్ళు అక్కలే అవుతారు అన్నాను. పెద్దమ్మ అంటే ఏమిటంది. తల్లికి అక్క, మాటకి మాట తీస్తే "పెద్ద తల్లి" అన్నాను.

"అయితే మీకు ఇద్దరు తల్లులా?"

"ఒక రకంగా అంతేనండీ."

ఆ మాట వెంటనే రాసుకుంది. అనకుండా ఉండాల్సింది. బయటికొచ్చాక గాని తట్టలేదు, నాకు నేనే ఇంకో ముడి వేసుకున్నానని.

ఇప్పుడు వాళ్ళకి కావలసింది ఒకటే. నువ్వు నోటరీ ముందు సంతకం చేసిన కాగితం. "ఈమె నా తోబుట్టువు కాదు, సొంత చెల్లెలు కాదు. మా తల్లులు అక్కచెల్లెళ్ళు. ముందు రాసినది పొరపాటు." వాక్యాలు ఇలాగే ఉండాలట. నమూనా దీనితో పెడుతున్నాను. అది అందేదాకా నా ఫైలు కదలదు. గడువులోగా అందకపోతే తప్పుడు సమాచారం కింద మూసేస్తారు.

ఇది ఉత్తి మాటేనని నాకు నేను చెప్పుకుంటున్నాను. నువ్వు నొచ్చుకోవనుకుంటాను. నొచ్చుకుంటావేమోనని కూడా అనుకుంటాను. ఈ రెంటి మధ్యే ఈ ఉత్తరం రెండుసార్లు చింపి రాశాను.

సందేహం


నవంబరు 16

తమరి ఉత్తరం, నమూనా అందాయి.

"లేరు" అని రాశావన్నమాట. ఇప్పుడు కాదు, వెళ్ళిన ఏడే. బస్సెక్కించి నేనిక్కడ కళ్ళొత్తుకుంటుంటే, నువ్వక్కడ గళ్ళు నింపుకుంటూ లేరు అని రాశావు. అడిగినదానికి సరైన జవాబు అదేనట. బాగా చదువుకున్నదానివి, జవాబులు సరిగ్గానే ఉంటాయి.

నేనేమీ అమాయకురాలిని కాదు. ఇరవై ఏళ్ళుగా ఈ గేటు దగ్గర నిలబడి వచ్చిన ప్రతి మగవాణ్ణీ "సొంత అన్నేనా?" అని అడిగి వెనక్కి పంపినదాన్ని. పెదనాన్న కొడుకండీ, పిన్ని కొడుకండీ అంటే, రూలు ఒప్పుకోదు బాబూ అంటాను. కానీ అది వేరు. వాళ్ళలో సగంమంది అబద్ధాలాడతారు. ఆడపిల్లల భద్రత నా మీద ఉంది. నీ ఆఫీసు దేనికి భయపడుతోంది? నేను వచ్చి నీ గదిలో చేరిపోతాననా?

చిన్నప్పుడు వేరుశనగ పలుకు నీ గొంతుకి అడ్డం పడితే వేలు పెట్టి తీశాను. నీకు ఆటలమ్మ పోసినప్పుడు నన్ను దూరంగా పడుకోమంటే పడుకోలేదు, నాకూ వచ్చింది, ఆ మచ్చ ఇంకా నుదుటి మీద ఉంది. అదంతా పొరపాటని రాయాలా? నేను పొరపాటున పెంచలేదు.

అంతా ఒక కార్డు కోసమా? ఆ కార్డు పోతే పోయింది. వచ్చెయ్. ఇక్కడ మట్టి లేదా పరీక్ష చెయ్యడానికి?

నేను సంతకం పెట్టను. నమూనా తిప్పి పంపుతున్నాను. వంటామె దాని మీద కత్తిపీట పెట్టబోతే, వద్దు, తమరి కాగితం విలువైనదని తీసి దాచాను.

నీ అద్దె అక్క


నవంబరు 29

అక్కా,

కట్టు విప్పారు. ఇవి నా కుడిచేతి అక్షరాలు. అందుకే ఈసారి నిజం రాస్తున్నాను. ఎడమ చేత్తో రాయలేకపోయానని అనుకో.

నేను జారి పడలేదు.

ఆ రోజు ప్రయోగశాల నుంచి వచ్చేసరికి చీకటి పడింది. ఈ నెలల్లో ఇక్కడ సాయంత్రం తొందరగా నల్లబడుతుంది. మా మెట్ల మీద బల్బు నొక్కితే వెలుగుతుంది, కాసేపటికి దానంతట అదే ఆరిపోతుంది. రెండో అంతస్తు మలుపులో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. శుభ్రమైన కోటు, చేతిలో కాగితాలు పెట్టిన అట్ట. నన్ను చూసి, "కార్డు చూపించండి" అన్నాడు.

నేను తీసి ఇచ్చేశాను.

నువ్వెవరని అడగలేదు, అక్కా. ఈ దేశంలో ఇన్నేళ్ళు ఎవరు అడిగితే వాళ్ళకి చూపించి చూపించి, ఆ మాట వినగానే చెయ్యి సంచీలోకి పోవడం అలవాటైపోయింది. అతను దాన్ని తిప్పి చూశాడు. నా పేరు పైకి చదివాడు, మెల్లగా, ముక్కలు ముక్కలుగా. గది నంబరు కూడా చదివాడు. నవ్వాడు. అప్పుడు అర్థమైంది. సంచీ లాగాడు. నేనెందుకో పట్టీ వదల్లేదు. తోశాడు. బల్బు ఆరిపోయింది. పడ్డ చప్పుడుకి దర్జీ తలుపు తీశాడు. తీసి ఉండకపోతే ఏమయ్యేదో ఆలోచించడం లేదు. అంటే, ఆలోచించకూడదని రోజూ అనుకుంటున్నాను.

ఇదంతా పోలీసులకి చెప్పాను. రాసుకున్నారు. మళ్ళీ కనిపిస్తే ఫోన్ చెయ్యమన్నారు. నాకు ఫోను లేదన్నాను. కొనుక్కోమన్నారు.

అతను మళ్ళీ కనిపించాడు. ఒకసారి ఎదుటి కాలిబాట మీద. ఒకసారి మా తలుపు అవతల నిలబడి, కొట్టకుండా, నా పేరు చదివినట్టే చదివి వెళ్ళిపోయాడు. అతని దగ్గర నా కార్డుంది. నా దగ్గర లేదు. ఈ ఊళ్ళో నేనెవరో రుజువు చూపించగలిగినవాడు అతనొక్కడే.

గది మారాలి. కార్డు లేనివాళ్ళకి ఎవరూ గది ఇవ్వరు. వచ్చెయ్ అన్నావు. నా పాస్‌పోర్టు చూపిస్తే, అది చాలదని మొదటి రోజే తీసుకుని ఆ ఫైల్లో పెట్టేశారు. ఉండలేను, రాలేను. పొద్దున దర్జీ నన్ను బస్సు దాకా దిగబెడుతున్నాడు. సాయంత్రం ప్రయోగశాలలో కాపలా అతను ఎక్కిస్తాడు. దిగాక మాత్రం నేనొక్కదాన్నే. నువ్వు చెప్పినట్టు తాళంచెవి పిడికిట్లో పట్టుకుని, పైకోసారి చూసి ఎక్కుతాను. దర్జీ తాళం మార్పించాడు, అయినా లోపలికొచ్చి తలుపుకి కుర్చీ అడ్డం పెట్టి, దానిమీద నేనే కూర్చుంటాను.

నీకెందుకు చెప్పలేదంటే, చెప్పాలనే ఫోన్ చేశాను. దర్జీ గుమ్మంలో నేలమీద కూర్చుని, చెయ్యి వేలాడుతుండగా "అక్కా" అన్నాను. నువ్వు మోటారు కాలిపోయిందన్నావు. మళ్ళీ అక్కా అన్నాను. మెకానిక్కు రేపొస్తానన్నాడన్నావు. మళ్ళీ అన్నాను. లైను బాగాలేదు, ఉంటా అన్నావు. నీకు తీరిక లేదేమో, ఏదైనా కోపమేమో, నేనే చాలాకాలంగా ఫోన్ చెయ్యలేదు కదా అని ఏవేవో అనుకున్నాను. తరవాత చెప్పడానికి నోరు రాలేదు.

ఇక ఆ "లేరు" సంగతి. ఆ గడి దగ్గర నా కలం ఆగింది. అది నీకు తెలియాలి. బ్రాకెట్లో "ఒకే తల్లిదండ్రులు" అని లేకపోతే నీ పేరే రాసేదాన్ని. ఉంది కాబట్టి లేరు అని రాశాను. రాసినది నిజమే. నిజం రాసినందుకు ఇంత సిగ్గు ఎందుకేస్తోందో నాకు తెలియదు.

నువ్వు తిప్పి పంపిన నమూనా దీనితో మళ్ళీ పెడుతున్నాను. నువ్వు సంతకం పెట్టకపోయినా నేను నిన్ను తప్పు పట్టను. ఈ వాక్యం కూడా నిజమో కాదో నాకు తెలియదు.

చెల్లి


డిసెంబరు 11

ఒసే పిచ్చిదానా,

కాగితం పంపేశాను. కొరియర్లో, వాళ్ళకొకటి, నీకొకటి. ఈ ఉత్తరం కంటే ముందే చేరుతుంది.

నీ ఉత్తరం గేటు దగ్గరే విప్పాను. చదివి అలాగే చెప్పులతో నోటరీ దగ్గరికి పోయాను. కుర్రలాయరు, పొద్దున్నే నిద్రమొహం. నమూనా చదివి, "ఎందుకమ్మా, ఆస్తి గొడవలా?" అన్నాడు. కాదు బాబూ అన్నాను. "మరి కాదని రాయడం దేనికి? ఎవరైనా అవునని రాయించుకోవడానికి వస్తారు గానీ" అన్నాడు. నీకు చెప్పినా అర్థం కాదు, టైపు కొట్టు అన్నాను. పైకి చదివి సంతకం పెట్టాలట. "ఈమె నా సొంత చెల్లెలు కాదు" అని చదివాను. సరిగ్గా వినపడలేదమ్మా, ఇంకోసారి అన్నాడు. ఇంకోసారి చదివాను. సంతకం వంకరపోయింది. ఆ వంకరకి మళ్ళీ నీ ఆఫీసు ఏమంటుందో.

ఇప్పుడు నా సంగతి. దీన్ని చదివి కాల్చెయ్. లైను బాగానే ఉంది. నా చెవులే బాగాలేవు. ఎడమది పోయి ఏడాది దాటింది. కుడిదానిలో ఎప్పుడూ మర తిరుగుతున్నట్టు హోరు. వార్డెనుకి వినపడదని తెలిస్తే కమిటీ వాళ్ళు ఒక్కపూట ఉంచరు. అందుకని లైను బాగాలేదని, మోటారు చప్పుడని, అందరికీ అదే చెప్తున్నాను. నీకూ అదే చెప్పాను. ఆ రోజు నీ ఫోన్లో నాకు వినపడింది హోరు ఒక్కటే. అందులో నీ గొంతు ఉందని తెలిసింది, మాట తెలియలేదు. మోటారు ఏమైందని అడుగుతున్నావనుకున్నాను. ఆ వారం ఇక్కడ అందరూ అడిగింది అదే కదా.

మూడుసార్లు పిలిచావా?

నిన్న వంటామెకి చెప్పేశాను. "నాకెప్పుడో తెలుసు మేడం. గేటు గంట మోగితే మీరు నా మొహం చూస్తారుగా" అంది. అప్పటినుంచి తన చాప గేటు గదిలో పరుచుకుంటోంది.

ఆ తలుపుకి కుర్చీ చాలదు. మంచం జరుపు. కిందినుంచి ఒక చెక్కముక్క బిగించు. దర్జీగారికి నా నమస్కారం చెప్పు, ఆయనకి నా వయసుంటే అన్నయ్యగారని చెప్పు, ఎక్కువుంటే బాబాయిగారని చెప్పు. మళ్ళీ ఎవరైనా కార్డు అడిగితే నువ్వు ముందు వాళ్ళ కార్డు అడుగు. గొంతు పెంచి అడుగు. చిన్నప్పటినుంచి నీది పిల్లి గొంతు.

కాదని రాశాను. సంతకం పెట్టాను. నీ గుమ్మం మారితే చాలు నాకు.

అక్క


జనవరి 20

అక్కా,

కార్డు వచ్చింది. గది మారాను. ముందు ఆ రెండు ముక్కలు.

కొత్త గది ఇంకో పేటలో, మూడో అంతస్తు. తలుపుకి రెండు గడియలు, ఒక గొలుసు. మెట్ల మీద బల్బు ఆరదు. ఇల్లుగలావిడ ఎక్కువ మాట్లాడదు, కానీ రాత్రి వీధి తలుపు తనే వేసి, లాగి చూస్తుంది. ఆ లాగే చప్పుడు వింటే నువ్వే గుర్తొస్తావు. దర్జీ నా సామాను మోసి, పెట్టెలు దించి, వెళ్తూ నా కోటు చిరుగు చూసి తీసుకుపోయి కుట్టి తెచ్చాడు. నీ నమస్కారం చెప్పాను. బాబాయి వరసే అవుతాడు. అలా అని ఆయనకి చెబితే చాలాసేపు ఆలోచించి, తలూపాడు.

ఆ మనిషి దొరకలేదు. దొరుకుతాడని వాళ్ళూ అనడం లేదు. పాత కార్డు చెల్లదని గుర్తు పెట్టారట. దానిమీద నా పేరైతే ఉంది, అతనికి చదవడం వచ్చు. పగలు బాగానే ఉంటున్నాను. ఎవరైనా వెనక నడుస్తుంటే ఆగి ముందు వెళ్ళనిస్తున్నాను. పాపం వాళ్ళు నన్ను వింతగా చూసి పోతున్నారు.

కార్డు ఇచ్చిన రోజు సంగతి నీకు రాయాలా వద్దా అని ఇన్నాళ్ళూ ఆగాను. విచారణ ఆవిడ నీ కాగితం చూసి, "ఇప్పుడు అన్నీ సరిపోయాయి" అంది. నవ్వింది కూడా. పక్క కిటికీలో గుమాస్తా నా వివరాలు కొత్తగా ఎక్కించాడు. నాకేదైనా అయితే ఎవరికి తెలపాలి అనే గడి వచ్చింది. నీ పేరు చెప్పాను. వరస ఏమిటన్నాడు. పెద్దమ్మ కూతురన్నాను. అతని దగ్గర వరసల పట్టీ ఉంది. భర్త, భార్య, తల్లి, తండ్రి, కొడుకు, కూతురు, తోబుట్టువు. అంతే. "ఇందులో లేదండీ" అన్నాడు. "స్నేహితురాలని రాయండి పోనీ" అన్నాను. దగ్గరి బంధువులకే తెలుపుతారట. నా వైపు చూడకుండా, "దగ్గరి బంధువులు: లేరు" అని కొట్టాడు.

గది కోసం, గడియల కోసం ఆ మాట కావలసివచ్చింది. మనమే రాసిచ్చాం. ఇప్పుడు నేను దారిలో పడిపోతే వాళ్ళు నా సంచీలోంచి కార్డు తీసి, నంబరు కొట్టి, ఎవరూ లేరని చదువుకుని ఊరుకుంటారు. ప్రయోగశాలలో చీటీ ఉన్న సంచీయే అయినా, ఏ పొలం నుంచి వచ్చిందో ఆ గడి ఖాళీగా ఉంటే ఫలితం ఎవరికీ పంపం. అది తెలిసి నాకు నిద్ర పట్టలేదు. చీటీలు, సంచులు, నేను! నవ్వుకో.

చెవి వైద్యుడికి చూపించుకున్నావా? సిమ్ము కొన్నాను. నంబరు కింద రాశాను. కానీ ఫోన్ చెయ్యాలంటే భయంగా ఉంది. మళ్ళీ నీకు హోరే వినపడితే?

సందేహం


ఫిబ్రవరి 3

సందేహానికి,

ముందు ఈ కవరు అడుగున చెయ్యి పెట్టి చూడు. ఒక గుడ్డ పేలిక ఉంటుంది. పారేసేవు, జాగ్రత్త.

మా పిల్లల బట్టలు చాకలికి వెళ్ళేటప్పుడు కలిసిపోకుండా అంచుకి ఎర్ర దారంతో గుర్తులు కుడతాం. ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు, ఆ దారం నాకు తెలుసు. దానితోనే కుట్టాను. మధ్యలో రెండు అక్షరాలు లావుగా వచ్చాయి, కళ్ళు కూడా చెవుల దారే పట్టాయేమో. పై వరసలో "అక్క ఉంది". కింది వరసలో హాస్టల్ ఫోన్ నంబరు, దేశం నంబరుతో సహా. వంటామె చూసి, "మన అక్షరాలు అక్కడెవరికి చదవడం వస్తుంది మేడం?" అంది. అంకెలు వాళ్ళ కోసం, మాట దాని కోసం అన్నాను.

కోటు లోపల, ఎడమవైపు, జేబు పక్కన కుట్టుకో. జేబులో పెట్టుకోవడం కాదు, కుట్టుకో. జేబులు ఎవరైనా తీస్తారు.

కమిటీ సెక్రటరీకి చెవి సంగతి నేనే చెప్పాను. ఎవరో చెప్పేలోపు చెప్పడం మేలనుకున్నాను. ఆయన కాగితాలు సర్దుకుంటూ, పరీక్షలయ్యేదాకా చూద్దాం అన్నాడు. ఆ తరవాత ఏమిటో ఆయన అనలేదు, నేను అడగలేదు. చెవికి మిషను పెట్టించుకున్నాను. పళ్ళెం కింద పెడితే పిడుగు పడ్డట్టుంది. ఇన్నాళ్ళూ మా పిల్లలు ఇంత గోల చేస్తున్నారా అని హడలిపోయాను.

మొన్న ఒక లారీ డ్రైవరు వచ్చాడు, కింది గది అమ్మాయి కోసం. దారినపోతూ చెల్లెల్ని చూసిపోదామని ఆగాడట. నాకు అలవాటు, నోటిదాకా వచ్చింది, "సొంత అన్నేనా?" అని. బయటికి మాత్రం రాలేదు. అతనే చెప్పాడు, "పెదనాన్న కొడుకునండీ, మీరు పోయినేడు నన్ను వెనక్కి పంపారు" అని. లోపలికి పంపలేదులే. రూలు రూలే, నీకు జరిగినదాని తరవాత అసలు పంపను. గేటు పక్క బల్ల మీద కూర్చోబెట్టి, ఆ పిల్లని కిందికి పిలిపించి, ఇద్దరి మధ్యా నేనే కూర్చున్నాను. మిషను తీసి కొంగులో ముడేసుకున్నాను, వాళ్ళు మాట్లాడుకోవాలి కదా. ఏం చెప్పుకున్నారో తెలియదు. ఆ పిల్ల ఏడ్చింది, నవ్వింది. అతను గేటు దాటాక వెనక్కి తిరిగి నాకు నమస్కారం పెట్టాడు. నాకు మాత్రం అమ్మే కనిపించింది, వాకిట్లో నిలబడి, అద్దెకి తెచ్చుకున్నాం అంటూ.

ఆ గుమాస్తా కొట్టినదాన్ని నువ్వేం చెయ్యలేవు, నేనేం చెయ్యలేను. మనం పెట్టిన సంతకమే అది. ఉండనీ.

నువ్వు మాత్రం ఫోన్ చెయ్యి. ఆదివారం, పిల్లలు సినిమాకి పోయాక, ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంటుంది. మిషను పెట్టుకుని గేటు గదిలో కూర్చుంటాను. మోటారు ఆపించేస్తాను. పెద్ద కబుర్లేం వద్దు. ముందు "అక్కా" అని ఒక్కసారి పిలువు.

వినపడిందో లేదో నేను చెప్తాను.

అక్క